ఆ వంతెన అలంకారం కాదు

“టైటానియానికి రెండు వలయాలు తగిలిస్తారు, ఆ వలయాలకు నాలుగు కొమ్మలు పెడతారు, మధ్యన ఒక వంతెన కడతారు, పేపరు రాసుకుంటారు. దాంతో ఎవరికి ఏం ఒరిగింది?” ఈ మాట స్టాఫ్ రూముల్లో విన్నాను. పీజీ కౌన్సెలింగు జరిగే వరండాల్లో విన్నాను. పోయిన వేసవిలో మా కనగానపల్లిలో ఒక పెళ్ళి పందిట్లోనూ విన్నాను. ధర్మవరంలో బీఎస్సీ ముగించిన అమ్మాయి ఒకతె, తనకు టైటానోసీన్ల మీద పరిశోధన చేయాలని ఉందని చెప్పింది. హైదరాబాదులో మందుల కంపెనీలో పనిచేసే ఆమె మేనమామ పప్పన్నం కలుపుతూనే తీర్పు చెప్పేశాడు. “అవన్నీ తిన్నదరగని చదువులు తల్లీ. హెచ్‌పీఎల్‌సీ యంత్రం మీద పని నేర్చుకో. నెల తిరిగేసరికి జీతం పడుతుంది.” పంక్తిలో కూర్చున్నవాళ్ళంతా తలూపారు. ఆ పిల్ల మారు మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు. ఆ రోజు చెప్పాల్సిన జవాబు ఇప్పుడు రాస్తున్నాను.

ముందు ఆ వాదాన్ని పూర్తి బలంతో చెప్పాలి. లేకుంటే నీడతో కుస్తీ పట్టినట్టవుతుంది. వాళ్ళు అనేవి ఐదు మాటలు. ఒకటి, స్థూలమైన కొమ్మలున్న, వంతెన కట్టిన టైటానోసీన్ల వల్ల జనానికి ఏ వాడుకా లేదు. రెండు, ఉన్న అణువుకే తోకలు తగిలించి కొత్తదన్న పేరు పెట్టడం తప్ప అందులో ఆలోచన లేదు. మూడు, క్యాన్సర్ మందవుతుందని ఊరించిన టైటానోసీన్ ఆసుపత్రి పరీక్షల్లో ఓడిపోయింది కాబట్టి ఆ కుటుంబం కథ ముగిసింది. నాలుగు, గాలి తగలకుండా, తడి తగలకుండా చేయాల్సిన ఈ పని జర్మనీకీ అమెరికాకూ తగింది, మన వసతుల్లో సాగేది కాదు. ఐదు, వాన కోసం ఆకాశం వైపు చూసే ఊళ్ళ పిల్లలకు ముందు కూడు కావాలి, కొత్త అణువులు తర్వాత.

ఇవి గాలి మాటలు కావు. చదువుకున్నవాళ్ళు, పిల్లల మేలు కోరేవాళ్ళు అంటున్న మాటలు. అందుకే ఒక్కొక్కటీ విప్పి చూడాలి.

అసలు ఆ అణువేమిటి?

ఐదు కర్బన పరమాణువులు చదునుగా ఒక వలయం కడితే దాన్ని సైక్లోపెంటాడయినైల్ అంటారు. రెండు వలయాల మధ్య ఒక లోహ పరమాణువు కూర్చుంటే అది మెటలోసీన్. ఆ లోహం టైటానియమైతే టైటానోసీన్. 1951లో ఇనుముతో ఫెర్రోసీన్ వెలుగు చూసింది. 1954లో విల్కిన్సన్, బర్మింగ్‌హామ్ టైటానోసీన్ డైక్లోరైడ్‌ను వివరంగా ప్రచురించారు. ఈ తరహా నిర్మాణాల మీద కృషికే జెఫ్రీ విల్కిన్సన్‌కూ, జర్మనీకి చెందిన ఎర్నెస్ట్ ఒట్టో ఫిషర్‌కూ 1973లో నోబెల్ బహుమతి వచ్చింది.

ఫెర్రోసీన్‌లో రెండు వలయాలూ రెండు పళ్ళేల్లా సమాంతరంగా ఉంటాయి. టైటానోసీన్ డైక్లోరైడ్‌లో అలా ఉండవు. మీ రెండు మణికట్లూ ఆనించి, అరచేతులను వేళ్ళ వైపు విప్పి పట్టుకోండి. అరచేతులు వలయాలు. మధ్యలో టైటానియం. విప్పిన వైపు రెండు క్లోరిన్లు కూర్చుంటాయి. రసాయన చర్య అంతా ఆ విప్పిన నోటి దగ్గరే జరుగుతుంది. ఇప్పుడు మణికట్లకు తాడు కట్టండి. అదే వంతెన. వేళ్ళకు లావుపాటి తొడుగులు వేయండి. అవే స్థూలమైన కొమ్మలు. తాడు కడితే చేతులు తిరగలేవు, నోరు ఎంత తెరుచుకోవాలో తాడే చెబుతుంది. తొడుగులు వేస్తే లోపలికి ఏది రావాలో, ఏది రాకూడదో అవే తేలుస్తాయి. ఇంత తెలిస్తే చాలు, మిగతా వాదమంతా అందుతుంది.

1. “ఎవరికీ వాడుక లేదు”

రైతు ఎరువు తెచ్చుకునే సంచి చూడండి. బియ్యం బస్తా చూడండి. అది పాలీప్రొపిలీన్. ప్రొపిలీన్ అణువులో ఒక పక్కన మిథైల్ అనే చిన్న కొమ్మ ఉంటుంది. ఆ అణువులు గొలుసుగా అతుక్కునేటప్పుడు మిథైళ్ళన్నీ ఒకే వైపుకు వస్తే గొలుసులు ఒద్దికగా సర్దుకుంటాయి, గట్టి ప్లాస్టిక్ వస్తుంది. ఎటు పడితే అటు వస్తే జిగురుముద్ద వస్తుంది. రెండింటికీ ముడిసరుకు ఒక్కటే. తేడా అంతా ఉత్ప్రేరకంలో ఉంది.

నేను ఒప్పుకోవాల్సింది ఒకటుంది. ఆ సంచుల పాలీప్రొపిలీన్ చాలావరకు టైటానోసీన్‌తో చేసింది కాదు. అది జీగ్లర్, నట్టా కనిపెట్టిన ఘన ఉత్ప్రేరకాల వారసత్వం. వాటిలోనూ టైటానియమే ఉంది. వాళ్ళిద్దరికీ 1963లో నోబెల్ వచ్చింది. కానీ ఆ ఘన ఉత్ప్రేరకం ఒక గడ్డ. దాని మీద ఏ మూలలో, ఏ టైటానియం పరమాణువు దగ్గర, ఎందుకు మిథైల్ ఒకే వైపుకు తిరుగుతోందో సూటిగా చూపించడం కష్టం. పని జరుగుతుంది, కారణం చేతికందదు.

ఆ కారణాన్ని చేతికందించింది వంతెన కట్టిన టైటానోసీన్. 1957లోనే నట్టా, బ్రెస్లో వేర్వేరుగా టైటానోసీన్ డైక్లోరైడ్‌తో ఇథిలీన్‌ను గొలుసుగా మార్చారు. అది ద్రావణంలో కరుగుతుంది, దాని ఆకారం ఖాయంగా తెలుసు. లోటల్లా చర్య బలహీనం. 1980లో హాంబర్గ్‌లో సిన్, కమిన్‌స్కీ మిథైల్ అల్యూమినాక్సేన్ అనే తోడును చూపించాక ఈ కుటుంబానికి బలం వచ్చింది. 1982లో కోన్‌స్టాన్జ్‌లో హాన్స్ బ్రింట్సింగర్ బృందం రెండు వలయాలను ఇథిలీన్ వంతెనతో కట్టిన టైటానోసీన్లను తయారు చేసింది. 1984లో ఎక్సాన్‌లో జాన్ ఇవెన్ ఆ తరహా టైటానియం అణువునే వాడి, మిథైళ్ళు ఒకే వైపు ఉన్న పాలీప్రొపిలీన్‌ను పొందాడు.

ఆ ప్రయోగంలో ఒక ముఖ్యమైన సంగతుంది. ఇవెన్ వాడింది రెండు రూపాల మిశ్రమం. ఒక రూపంలో వలయాల రెక్కలు, అంటే వాటి పక్కన అతుక్కున్న భాగాలు, ఎదురెదురు వైపులకు తిరిగి ఉంటాయి. రెండో రూపంలో రెండు రెక్కలూ ఒకే వైపు ఉంటాయి. పరమాణువులు అవే, లెక్క అదే, వంతెన అదే. మొదటిది గట్టి ప్లాస్టిక్ ఇచ్చింది, రెండోది జిగురు ఇచ్చింది. ధర్మవరం మగ్గం తెలిసినవాళ్ళకు దీన్ని వివరించనక్కర్లేదు. పట్టు అదే, జరీ అదే, నేత చేయీ అదే. జకార్డు అట్టల్లో చిల్లులు ఎక్కడ పడ్డాయో దాన్ని బట్టి అంచు మీద హంస వస్తుంది, లేదా మామిడి పిందె వస్తుంది. వంతెన కట్టిన టైటానోసీన్ ఆ అట్ట. మరుసటి సంవత్సరమే అదే రూపాన్ని జిర్కోనియానికి ఎక్కించారు, అక్కడి నుంచి అది పరిశ్రమలోకి వెళ్ళింది.

టైటానియం కూడా వెనకబడలేదు. రెండు వలయాల్లో ఒకదాన్ని తీసేసి దాని చోట నత్రజని పరమాణువును పెట్టి, సిలికాన్ వంతెనతో కట్టిన సగం టైటానోసీన్లు 1990ల్లో డౌ కంపెనీ చేతుల్లో పెద్ద పరిశ్రమయ్యాయి. వంతెన బిగువుకు నోరు మరింత తెరుచుకుంటుంది. ఇథిలీన్, ప్రొపిలీన్ జాతికే చెందిన పొడుగాటి ఓలెఫిన్లు కూడా లోపలికి రాగలుగుతాయి. అలా వచ్చినవే రబ్బరులా సాగే పాలీ ఓలెఫిన్లు. కార్ల బంపర్లలో పాలీప్రొపిలీన్‌కు తోడు ఈ జాతి రబ్బరును కలుపుతారు, లేకుంటే గట్టిగా తగిలిన చోట పెళుసుగా విరుగుతుంది. సోలార్ పలకల్లో గాజుకూ సిలికాన్ బిళ్ళకూ మధ్య పొరగా కూడా ఈ జాతి పదార్థాన్ని వాడుతున్నారు. 2019 నుంచి కార్లు బయటికి వస్తున్న పెనుకొండ పక్కన, ఎన్.పి.కుంటలో సోలార్ పార్కు వెలిసిన జిల్లాలో నిలబడి “వంతెన కట్టిన టైటానియం అణువు ఎవరికి కావాలి” అనడం, నీళ్ళ ట్యాంకు కింద కూర్చుని బావి ఎందుకు తవ్వారని అడిగినట్టుంది.

ఈ వాదంలో అసలు పొరపాటు వాడుకను వెతికే చోటులో ఉంది. 1982లో ఆ అణువును చేసినవాళ్ళ దగ్గర అమ్మడానికి సరుకేమీ లేదు. దుకాణంలో కనబడలేదు కాబట్టి పొలంలో లేదనుకోవడం తర్కం కాదు.

2. “ఉన్నదానికే తోకలు తగిలిస్తున్నారు”

ఈ మాట అన్ని మాటల్లోకీ పదునైంది. నూటికి నూరుపాళ్ళు అబద్ధమూ కాదు. మిథైల్ తీసి ఇథైల్, ఇథైల్ తీసి ప్రొపైల్ పెట్టి, ఎందుకు పెట్టారో ఒక్క ప్రశ్న కూడా వేసుకోకుండా అచ్చయ్యే పేపర్లున్నాయి. వాటిని నేనూ సమర్థించను. కానీ చెడ్డ నేతగాడు ఉన్నాడని మగ్గాన్ని పొయ్యిలో పెట్టం కదా. కొమ్మ మారిస్తే ఏమవుతుందన్నదే ఇక్కడ ప్రశ్న. దానికి రెండు నిజమైన జవాబులున్నాయి.

మొదటిది. క్లోరిన్లు లేకుండా, రెండు వలయాల మధ్య టైటానియం మాత్రమే ఉన్న అసలు సిసలు టైటానోసీన్ కోసం రసాయనవేత్తలు 1950ల నుంచి వెతికారు. దొరికిందని ప్రకటించారు కూడా. తీరా చూస్తే సీసాలో ఉన్నది అది కాదు. రెండు అణువులు ఒకదాన్నొకటి పట్టుకుని, వలయాల హైడ్రోజన్లను లాక్కుని, వలయాలు ఒకదానికొకటి అతుక్కుపోయిన జంట అని 1970లో బ్రింట్సింగర్, బెర్కా తేల్చారు. పేరుకు టైటానోసీన్ ఉంది, మనిషి లేడు. చివరికి 1998లో హిచ్‌కాక్, కెర్టన్, లాలెస్ వలయాల మీద మిథైళ్ళతో పాటు బరువైన సిలైల్ కొమ్మలు పెట్టారు. ఒక అణువు ఇంకో అణువును చేరలేకపోయింది. అప్పుడు గాని ఒంటరి టైటానోసీన్ స్ఫటికంగా చేతికి చిక్కలేదు. నలభై ఏళ్ళకు పైగా అందని దాన్ని అందించింది మీరు తోక అంటున్న ఆ కొమ్మే. అది లేకపోతే ఆ పదార్థమే లేదు.

రెండోది చెప్పేముందు చేలోకి రండి. వాన పడిన తర్వాత కనగానపల్లి ఎర్రనేలలో ఒక చెనిక్కాయ మొక్కను మెల్లగా పెకలించి మన్ను దులపండి. వేళ్ళ మీద ఆవగింజల్లాంటి బుడిపెలు కనిపిస్తాయి. ఒకదాన్ని గోటితో చిదిమితే లోపల లేత ఎరుపు. ఆ బుడిపెలో ఉన్న సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని మామూలు ఎండలో, మామూలు ఒత్తిడిలో ఎరువుగా మారుస్తాయి. అదే పనికి యూరియా ఫ్యాక్టరీలో నాలుగు వందల డిగ్రీలకు పైబడిన వేడి, వంద వాతావరణాలకు మించిన ఒత్తిడి కావాలి. ఆ బుడిపె పనిని ఒక చిన్న లోహ అణువు చేత చేయించడం ఎలా అన్నది రసాయనశాస్త్రంలోని పెద్ద ప్రశ్నల్లో ఒకటి. 1964లో రష్యాలో వోల్పిన్, షూర్ నత్రజనిని కదిలించినప్పుడు వాళ్ళు చేపట్టిన లోహాల్లో టైటానియం ఉంది. టైటానోసీన్లు అప్పటి నుంచీ ఆ వెతుకులాటలో ఉన్నాయి.

2004లో పాల్ చిరిక్ బృందం టైటానియానికి తోబుట్టువైన జిర్కోనియంతో ఒక ఫలితం ప్రచురించింది. అంతకుముందు ఒక్కో వలయానికి ఐదు మిథైళ్ళున్న అణువులో నత్రజని రెండు లోహాల మధ్య కొసలతో నిలబడేది, హైడ్రోజన్ ఇస్తే ఆ కట్టు తెగి జారిపోయేది. వీళ్ళు ఒక్కో వలయం మీద ఒకే ఒక్క మిథైల్ తగ్గించారు. నత్రజని అడ్డంగా పడుకుంది. హైడ్రోజన్‌తో కలిసింది. కొంత అమ్మోనియా కూడా వచ్చింది. అది ఫ్యాక్టరీ కాదు, ఒకే అణువు మళ్ళీ మళ్ళీ చేసే పని కూడా కాదు. అయినా ఇరవై మిథైళ్ళ జంటలో నాలుగు మిథైళ్ళు తగ్గించినందుకు భూమ్మీది అతి మొండి వాయువుల్లో ఒకటి లొంగింది. కొమ్మల లెక్క అలంకారమైతే ఇది ఎలా జరిగింది? తోకలంటున్నవాళ్ళు దీనికి జవాబు చెప్పాలి.

3. “క్యాన్సర్ పరీక్షలో ఓడిపోయింది”

నిజమే, ఓడిపోయింది. 1979లో జర్మనీలో కోప్ఫ్, కోప్ఫ్ మయ్యర్ దంపతులు టైటానోసీన్ డైక్లోరైడ్ కణుతుల మీద పనిచేస్తుందని చూపించారు. ప్లాటినంతో చేసిన సిస్‌ప్లాటిన్ అప్పటికే మందుగా వచ్చి ఉంది, కాబట్టి ఆశలు పెరిగాయి. 1990ల్లో మనుషుల మీద పరీక్షించారు. రొమ్ము క్యాన్సర్‌లో గాని, మూత్రపిండాల క్యాన్సర్‌లో గాని ఆశించిన మేలు కనబడలేదు. అక్కడితో ఆ మందు ప్రయాణం ఆగింది.

ఇంతవరకు మన పెద్దలు చెప్పేది సరే. ఆ తర్వాత వాళ్ళు తీసే తీర్మానమే తప్పు. ఓడిన అణువు ఏది? కొమ్మలు లేనిది, వంతెన లేనిది, బోడి అణువు. ఎందుకు తడబడింది? నీళ్ళలో పడగానే క్లోరిన్లు ఊడిపోతాయి. రక్తంలో ఉండే క్షారగుణానికి వలయాలు కూడా లోహాన్ని వదిలేస్తాయి. రోగి ఒంట్లో తిరుగుతున్నది ఏ పదార్థమో చెప్పడమే కష్టమైంది. వలయాలు ఊడకుండా పట్టుకోవడానికి రసాయనవేత్తకు తెలిసిన సూటి దారులు రెండు. వాటిని వంతెనతో కట్టడం, వాటికి తగిన కొమ్మలు పెట్టడం. డబ్లిన్‌లో మాతియాస్ టాకే బృందం వంతెన కట్టినవీ, బెంజైల్ కొమ్మలు పెట్టినవీ చేసి, వాటిలో కొన్ని పరీక్షనాళికలోని క్యాన్సర్ కణాల మీద పాత అణువు కంటే ఎంతో మెరుగ్గా పనిచేస్తాయని చూపించింది. అవి ఇంకా మందులు కాలేదు. అవుతాయని నేను మాట ఇవ్వను.

కానీ తర్కం చూడండి. బోడి అణువు నిలవలేదన్నది కొమ్మలూ వంతెనలూ చేయడానికి కారణం. దాన్నే వాటిని మానేయడానికి కారణంగా చూపిస్తున్నారు. గట్టు లేని చెరువు తెగిపోయిందని, గట్టు కట్టే పనే దండగ అన్నట్టుంది.

4. “మన వల్ల అయ్యే పని కాదు”

హైదరాబాదు తార్నాకలో ఐఐసీటీ (ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ కెమికల్ టెక్నాలజీ) ఉంది. 1944లో మొదలైన సంస్థ అది. 1990లో అక్కడ జె.ఎస్.యాదవ్ బృందం టైటానోసీన్ డైక్లోరైడ్‌నూ జింకునూ వాడి, ఎపాక్సీ ఆల్కహాళ్ళను కుడి ఎడమ చేతుల్లా ఒకదానికొకటి అద్దంలో బొమ్మలైన రూపాల తేడా చెడకుండా అల్లైలిక్ ఆల్కహాళ్ళుగా మార్చే పద్ధతిని ప్రచురించింది. అమెరికాలో డ్యుపాంట్ కంపెనీలో విలియం న్యూజెంట్, మన టి.వి.రాజన్‌బాబు కలిసి టైటానోసీన్ మోనోక్లోరైడ్‌తో ఎపాక్సైడ్లను తెరిచే పద్ధతిని చూపించి అప్పటికి రెండేళ్ళే. 1990ల చివర్లో అదే ఐఐసీటీలో తుషార్ కాంతి చక్రవర్తి బృందం ఆ పద్ధతిని ఎపోథిలోన్ అనే క్యాన్సర్ నిరోధక అణువు ముక్కను కట్టడానికి వాడింది. జర్మనీలో ఆండ్రియాస్ గాన్‌సొయర్ దాన్ని ఉత్ప్రేరక పద్ధతిగా మార్చి, మెంథాల్ నుంచి తెచ్చిన స్థూలమైన కొమ్మలున్న టైటానోసీన్లతో కుడి ఎడమలను ఎంచుకునేలా చేసిందీ ఆ రోజుల్లోనే. అంటే తార్నాక ఆ బండి వెనకాల పరుగెత్తలేదు, అందులో కూర్చుని ప్రయాణం చేసింది. తెలుగు నేల మీద జరిగిన పనిని తెలుగువాళ్ళే జరగదని చెప్పడం బాధ కలిగిస్తుంది.

వసతుల మాటకు వద్దాం. ఈ పనిలో భయపెట్టే మాట ‘గాలి తగలకూడదు’ అన్నది. గ్లవ్ బాక్సు ఖరీదైనదే. కానీ ఈ కుటుంబంలో ఎన్నో అణువులను ష్లెంక్ లైను మీదే చేయవచ్చు. రెండు గాజు గొట్టాలు, వాటి మధ్య తిప్పుడు మూతలు, ఒకవైపు వాక్యూమ్ పంపు, ఇంకోవైపు ఆర్గాన్ సిలిండరు. మంచి గ్లాస్ బ్లోయర్ ఉన్న ఏ విశ్వవిద్యాలయమైనా దీన్ని సమకూర్చుకోగలదు.

పని ఎలా సాగుతుందో దగ్గరగా చూడండి. డైసైక్లోపెంటాడయీన్‌ను వేడి చేసి పగలగొడితే నలభై చిల్లర డిగ్రీల దగ్గర పలచని ద్రవం దిగుతుంది. దాన్ని వెంటనే వాడాలి, బయట పెడితే మళ్ళీ జంట కట్టేస్తుంది. దానికి అసిటోన్, పిరోలిడిన్ కలిపితే పసుపుపచ్చని ఫల్వీన్ వస్తుంది. దానికి మిథైల్ లిథియం చేర్చితే టెర్షియరీ బ్యూటైల్ అనే బరువైన కొమ్మ మొలిచిన వలయం లవణంగా దొరుకుతుంది. దాన్ని టైటానియం క్లోరైడ్‌తో కలిపితే కొమ్మ పెట్టిన టైటానోసీన్ డైక్లోరైడ్ ఎర్రగా స్ఫటికాలు కడుతుంది. వంతెన కావాలంటే ముందే రెండు వలయాలను డైక్లోరోడైమిథైల్‌సిలేన్‌తో కలపాలి. అక్కడే అసలు కష్టం ఉంది. కలిపిన రెండు వలయాలూ ఒకే టైటానియాన్ని పట్టుకోకుండా చెరొకదాన్ని పట్టుకుంటే చేతికి మిగిలేది మడ్డి. టైటానియం టెట్రాక్లోరైడ్ నేరుగా పోస్తే చర్య దారి తప్పవచ్చు, అందుకే చాలాసార్లు నీలిరంగు టైటానియం ట్రైక్లోరైడ్ టీహెచ్‌ఎఫ్ సంయోగంతో మొదలుపెట్టి తర్వాత ఆక్సీకరిస్తారు. ఇవన్నీ ఓపికతో, పనితనంతో దాటే కష్టాలు. దేశం పేరు చూసి ఏ చర్యా ఆగదు.

ఆ ఎర్రని ద్రావణంలో జింకు పొడి వేసి కలియబెడితే కాసేపటికి నిమ్మకాయ పచ్చ రంగుకు తిరుగుతుంది. గొట్టంలో ఎక్కడైనా సన్నని పగులుంటే ఆ పచ్చదనం నిలవదు. తప్పు ఎక్కడ చేశామో రంగే చెప్పేస్తుంది. విద్యార్థికి ఇంతకంటే నిజాయితీ గల గురువు దొరకడు.

ఇక ఖర్చు. పల్లాడియం, రోడియం లాంటి విలువైన లోహాలను ఉత్ప్రేరకాలుగా కొని వాడుతున్నాం, దానికి ఎవరూ అడ్డు చెప్పరు. టైటానియం భూమి పైపొరలో తొమ్మిదో స్థానంలో ఉన్న మూలకం. భీమిలి నుంచి శ్రీకాకుళం దాకా మన తీరపు ఇసుకలో ఇల్మనైట్ రూపంలో ఉంది. చవకైన లోహంతో ఖరీదైన లోహం పని చేయించాలంటే దాని చుట్టూ ఉన్న కొమ్మలనే మలచాలి. ఖర్చు తగ్గాలనేవాళ్ళు ఈ పనిని కోరాలి. వద్దనడం వాళ్ళ మాటకే విరుద్ధం.

5. “కనగానపల్లి పిల్లకు ఇదెందుకు?”

ఈ మాట వెనక ప్రేమ ఉంది, భయం ఉంది. రెండేళ్ళు వరసగా చెనిక్కాయ పంట ఎండితే ఇల్లెలా ఉంటుందో నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. మందుల కంపెనీలో క్యూసీ (నాణ్యత పరీక్షల) ఉద్యోగం గౌరవమైన ఉద్యోగం. ఆ మేనమామ జీతంతో ఎన్ని ఫీజులు కట్టారో ఊరికంతా తెలుసు. నేను ఆయన ఉద్యోగాన్ని తక్కువ చేయను. ఆయన తీర్మానాన్నే కాదంటాను.

మొదట, ఆయన చెప్పే కూడు ఈ చదువులోనూ ఉంది. గాలి తగలకుండా బ్యూటైల్ లిథియం వాడటం, తడి లేని ద్రావకం తయారు చేయడం, ఎన్‌ఎంఆర్ గీతలు చదివి అణువు ఆకారం చెప్పడం, స్ఫటికాలు పెంచడం, రెండు రూపాలను విడదీయడం వంతెన కట్టిన టైటానోసీన్ చేసే విద్యార్థికి దినచర్య. మందుల కంపెనీ పరిశోధన విభాగం కోరే పనితనమూ ఇదే. యంత్రంలో నమూనా పెట్టి అంకె చదవడం ఆరు నెలల్లో నేర్పవచ్చు. అణువును కట్టడం ఆరు నెలల్లో రాదు.

తర్వాత అసలు మాట. మా పక్క రామగిరిలో బంగారు గనులుండేవి. ఖనిజం తవ్వి తీసుకున్నంత కాలం తీసుకున్నారు, గనులు మూతపడ్డాయి. కొండల మీద గాలిమరలు తిరుగుతున్నాయి. పెనుకొండ దగ్గర కార్ల ఫ్యాక్టరీకి భూమి ఇచ్చాం, గొల్లపల్లి రిజర్వాయరు నీళ్ళిచ్చాం. అవన్నీ రావాల్సినవే, నేను వద్దనను. కానీ ప్రతిసారీ మన వంతు నేల, నీరు, చెమట. పదార్థం ఎలా ఉండాలో, ఉత్ప్రేరకం ఎలా ఉండాలో నిర్ణయించే పని మాత్రం ఇంకెక్కడో జరుగుతోంది. “మన పిల్లలకు అంత చదువెందుకు” అన్న ప్రతి ఇల్లూ ఆ ఏర్పాటు మీద సంతకం పెడుతోంది.

ఇంకొకటి. ఇదే చదువు నగరంలో పెద్ద ఇంటి పిల్ల చదివితే “మేధావి” అంటాం. పల్లె పిల్ల చదువుతానంటే “తిన్నదరగని చదువు” అంటాం. అణువు ఎవరి చేతిలో ఉందో చూసి దాని విలువ మారదు. మారుతున్నది మన చూపు. దాన్ని దిద్దుకోవాలి.

ఇక తేల్చాల్సింది

ఐదు మాటలూ వేర్వేరుగా కనిపిస్తాయి గాని వాటి కింద ఉన్న నమ్మకం ఒక్కటే. పదార్థంలో లోహం ముఖ్యం, దాని చుట్టూ ఉన్నది అలంకారం అన్న నమ్మకం. ఒకే టైటానియం, రెక్కలు తిరిగిన దిక్కును బట్టి గట్టి ప్లాస్టిక్‌నూ ఇచ్చింది, జిగురునూ ఇచ్చింది. బరువైన కొమ్మ ఉంటే ఒంటరిగా నిలిచింది, లేకపోతే జంట కట్టి మాయమైంది. వలయం మీద ఒక మిథైల్ తగ్గితే దాని తోబుట్టువు నత్రజనిని లొంగదీసింది. ఇన్ని ఉదాహరణల తర్వాత కూడా ఆకారాన్ని అలంకారం అంటే అది అభిప్రాయం కాదు, చూడననే పట్టుదల.

కాలేజీల్లో పాఠం చెప్పే నా తోటివాళ్ళకు ఒక విన్నపం. మెటలోసీన్‌ను రెండు మార్కుల ప్రశ్నగా దాటేయకండి. ఆ అరచేతుల బొమ్మను పిల్లల చేత పట్టించండి, మణికట్లకు తాడు కట్టించండి. పరిశోధన చేయించే ఆచార్యులకు ఇంకొకటి. ప్రతి కొత్త కొమ్మకూ ముందు ఒక ప్రశ్న రాయించండి, ప్రశ్న లేని కొమ్మను పెట్టనివ్వకండి. అప్పుడు తోకలనే మాటకు తావుండదు.

పెళ్ళి పందిట్లో మారు మాట్లాడని ఆ అమ్మాయికి: నువ్వు అడిగింది సరైన చదువే తల్లీ. దరఖాస్తు పెట్టు. మీ మామకు ఈ వ్యాసం నేనే చదివి వినిపిస్తాను.